దొరికిందమ్మ బదిలీ

ఆ ఆఫీసులో మెట్ల కింద ఉన్న రికార్డు గదికి కిటికీ లేదు. ఒకప్పుడు ఉండేది. ఎవరో మహానుభావుడు దానికి అడ్డంగా బీరువా పెట్టించాడు. పాతవాళ్ళంతా రిటైరయ్యాక, బీరువా వెనకాల ఒక కిటికీ ఉందన్న సంగతే అందరూ మర్చిపోయారు. ఊళ్ళో ఎవరు ఇల్లు కట్టుకున్నా, మేడ వేసినా, ప్రహరీ లేపినా, ఆ ప్లాను కాగితాలు పై అంతస్తులో సంతకాలన్నీ పెట్టించుకుని చివరికి వచ్చి పడేది ఆ గదిలోనే. ఆ గదిని పదకొండేళ్ళుగా ఏలుతున్న మనిషికి ఆఫీసంతా కలిసి పెట్టిన పేరు దొరికిందమ్మ.

పేరు ఊరికే రాలేదు. పైనుంచి ఫలానా ఫైలు కావాలని కబురొస్తుంది. ఆమె కుర్చీలోంచి లేచి, అరల మధ్యకి వెళ్ళి, చీరకంటిన దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చి "దొరికింది" అంటుంది. అడిగినవాళ్ళ చేతిలో టీ ఇంకా వేడిగానే ఉండేది. పక్క ఆఫీసుల్లో ఒక్కో ఫైలు కోసం జనం చెప్పులరిగేలా తిరుగుతుంటే, ఇక్కడ మాత్రం ఇలా జరిగేది.

ఆమె పద్ధతి వేరు. ఫైళ్ళకి నంబర్లుంటాయి, నిజమే. కానీ కౌంటరు దగ్గరికి వచ్చే జనం నంబర్లతో రారు. "మా నాన్నగారు కట్టిన ఇల్లండీ" అంటూ వస్తారు. ఆమె వాళ్ళని ఒక్కటే ప్రశ్న అడిగేది. "కట్టేటప్పుడు ఎవరితో గొడవైంది?" మనుషులు నంబరు మర్చిపోతారు గానీ గొడవ మర్చిపోరని ఆమె చేరిన కొత్తలోనే కనిపెట్టింది. అందుకని ఫైళ్ళన్నీ గొడవల వారీగా పేర్చుకుంది. గోడ గొడవలు ఒక అర, మెట్లు వీధిలోకి వచ్చిన గొడవలు ఇంకో అర, పక్కింటి కిటికీ మా వంటింట్లోకి తొంగి చూస్తోందన్న గొడవలు మరో అర. అన్నదమ్ముల గొడవలకైతే ఏకంగా ఒక బీరువా. ఏ గొడవా లేకుండా కట్టుకున్న ఇళ్ళు కూడా ఉన్నాయి, వాటన్నిటికీ కలిపి ఒక చిన్న కట్ట.

ఈ పద్ధతి ఆమె ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, అడిగినవాడు లేడు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. పై అధికారులు "మీరు లేకపోతే ఈ ఆఫీసు నడవదమ్మా" అని మునగచెట్టు ఎక్కిస్తుంటే ఆమెకి బాగుండేది. చాలా బాగుండేది. ఎక్కించినవాళ్ళు చల్లగా పక్కకి తప్పుకుంటారని, దిగే దారి మనమే వెతుక్కోవాలని అప్పట్లో ఆమెకి తోచలేదు.

ఆమె మొగుడు ఇంకో ఊళ్ళో కరెంటు ఆఫీసులో పనిచేస్తాడు. బస్సులో ఒక పగలంతా ప్రయాణం. మూడో తరగతి చదివే కూతురు అక్కడే నాయనమ్మ దగ్గర ఉంటుంది. పిల్ల చంటిదిగా ఉన్నప్పుడు ఈమె తన దగ్గరే ఉంచుకుంది. ఒంటరి గది, పొద్దున పోతే చీకటిపడ్డాక ఇంటికి, పిల్లకేమో వారం వారం జ్వరం. ఒకనాడు అత్తగారు వచ్చి, కోడలిని ఒక్క మాట కూడా అనకుండా, పిల్ల బట్టలు సర్దుకుని ఎత్తుకెళ్ళింది. తిట్టి ఉంటే ఈమెకి కాస్త తేలికగా ఉండేదేమో.

అప్పటినుంచి సెలవులు కలిసొచ్చినప్పుడల్లా వెళ్ళొస్తోంది. క్రితంసారి వెళ్ళినప్పుడు పిల్ల తలుపు తీసి, నవ్వి, లోపలికి పరిగెత్తింది. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని మంచినీళ్ళు తెచ్చిచ్చింది. "కూర్చో అమ్మా, ఫ్యాను వెయ్యనా? నువ్వెన్నాళ్ళుంటావు?" అని అడిగింది. ఎంతో మర్యాదగా, ఎవరైనా చుట్టాలొస్తే అడిగినట్టే అడిగింది. ఆమె నీళ్ళు తాగి, స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, బకెట్టు నిండి పొర్లిపోయేదాకా ఏడ్చింది. అలిగినా, పేచీ పెట్టినా, మొహం తిప్పుకున్నా పరాయితనం కాదు. ఆ మర్యాదే ఆమె గుండెల్లో గుచ్చుకుంది.

బదిలీ కోసం ఆమె పెట్టని అర్జీ లేదు. రెండుసార్లు ఉత్తర్వు వచ్చింది కూడా. రెండుసార్లూ అప్పటి అధికారులు "ఈవిడ పోతే మా పని ఆగిపోతుంది" అని పైకి రాసి ఆపించేశారు. రాసిన ఆ కాగితం కూడా ఆమే తీసుకెళ్ళి భద్రపరిచింది. ఎంత బాగా పనిచేస్తే అంత గట్టిగా కట్టిపడేస్తారన్నమాట. చేతగానివాళ్ళు మాత్రం కోరుకున్న ఊళ్ళకి హాయిగా వెళ్ళిపోతుండేవారు.

ముచ్చటగా మూడోసారి ఉత్తర్వు వచ్చింది. ఈసారి మొగుడున్న ఊరికే, పిల్ల బడికి నాలుగు వీధుల అవతలే ఆఫీసు. వచ్చే నెలాఖరులోగా చేరాలి, చేరకపోతే ఆ ఖాళీ జాబితాలో తర్వాతివాళ్ళకి పోతుంది. ఆమె ఆ కాగితం పట్టుకుని పెద్దసారు గదికి వెళ్ళింది. ఈ పెద్దసారు వచ్చి ఏడాది అవుతోంది. మనిషి చెడ్డవాడు కాదు. తన పని సాఫీగా సాగితే చాలనుకునే రకం, అంతకంటే ప్రమాదం ఏముంది?

"వెళ్ళొద్దని నేనెందుకంటానమ్మా," అన్నాడాయన. "కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించమని పైవాళ్ళు ప్రాణం తీస్తున్నారు. అది పూర్తిచేసి దర్జాగా వెళ్ళండి. కంప్యూటర్లోకి ఎక్కాక ఇంక మీరెందుకు, నేనెందుకు? మీటలు నొక్కితే ఫైలు దానంతటదే వస్తుంది."

ఆ మాట పట్టుకుని ఆమె కాళ్ళకి చక్రాలు కట్టుకున్నట్టు పనిచేసింది. కాగితం తీయడం, మడతలు సరిచేయడం, స్కానరు మీద పెట్టడం, పేరు కొట్టడం, కట్ట కట్టి ఊరి బయట గోడౌనుకి పంపడం. అరలు ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటే, జైలు గోడలోంచి ఒక్కో ఇటుకా తీస్తున్నట్టు ఆమెకి సంబరంగా ఉండేది. ఫోన్లో మొగుడికి రోజూ లెక్క చెప్పేది. ఇవాళ మెట్ల గొడవలైపోయాయండీ, రేపటితో కిటికీలు కూడా అయిపోతాయండీ అని.

సరిగ్గా అక్కడే పప్పులో కాలేసింది. ఒక్కో ఫైలుకి పేరు కొట్టమని కంప్యూటరు అడిగినప్పుడు, చేతికి అలవాటైన పేరే కొట్టింది. "కోడిపుంజు గోడ." "ఇద్దరు తోడికోడళ్ళు, ఒకే మెట్లు." "గొడుగాయన కిటికీ." వాటితోనే చకచకా పని సాగింది. నంబర్లు కొట్టాలంటే చెదలు తిన్న అట్టల మీద అంకెలు వెతుక్కోవాలి, దానికి నెలలు పడతాయి, ఆమెకేమో బస్సెక్కాలని తొందర. పదకొండేళ్ళు బుర్రలో ఉన్న తాళాన్ని తీసుకెళ్ళి, ఎంతో శ్రద్ధగా, కంప్యూటరుకి వేసింది.

అంతా అయ్యాక పెద్దసారు స్వయంగా కుర్చీలో కూర్చుని ఒక నంబరు కొట్టాడు. ఏమీ రాలేదు. ఇంటి యజమాని పేరు కొట్టాడు. ఏమీ రాలేదు. తెల్లమొహం వేసి ఆమె వైపు చూశాడు. ఆమె వంగి "మేకల షెడ్డు పంచాయితీ" అని కొట్టింది. ఫైలు ఎదురుగా ప్రత్యక్షమైంది.

"అద్భుతం!" అన్నాడు పెద్దసారు. అంతలోనే కుర్చీలోంచి లేవబోయి ఆగాడు. "మరి మీరెళ్ళాక ఎలాగమ్మా?"

ఆమె కంగారుగా అంది. "పేర్లన్నీ మార్చేస్తాను సార్."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

నిజం చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. కాగితాలు గోడౌనుకి పోయాయి, నెలాఖరు తరుముకొస్తోంది. చివరికి ఒక దారి చెప్పాడు. ఇంకో ఊరి ఆఫీసు నుంచి ఒక కుర్రగుమాస్తాని రప్పిస్తాడు. ఆమె అతనికి అన్నీ నేర్పాలి. పెద్దసారు అడిగిన ఫైళ్ళు అతను తీసి చూపిస్తే ఆమె అదే రోజు బయల్దేరవచ్చు. తీయలేకపోతే మాత్రం ఆయనేం చెయ్యలేడు.

వచ్చిన కుర్రవాడు ఇస్త్రీ మడత నలగని చొక్కా, మెరిసే బూట్లు వేసుకుని దిగాడు. ఆఫీసంతా అతనికి అల్లుడుగారని పేరు పెట్టేసింది. చేరిన రోజే కుర్చీ కాలు ఊగుతోందని అటెండరుతో గొడవపడి, గొంతు చించుకుని మరీ మంచి కుర్చీ సాధించుకున్నాడు. మనిషి పౌరుషం గలవాడు. పనిలో కూడా చురుకే. సిబ్బంది కాగితాలు కూడా ఆ గదికే చేరతాయి. అతని సర్వీసు రిజిస్టరు స్కాన్ చేస్తూ ఆమె తన పద్ధతంతా చెప్పేసరికి పకపకా నవ్వాడు.

"అక్కా, అంటే మనిషి మొహం చూసి గొడవ పట్టుకోవాలన్నమాట!"

"మొహం చూసి కాదు, అడిగి పట్టుకోవాలి. కాస్త ఓపిగ్గా అడుగు, వాళ్ళే చెప్తారు."

వారం తిరిగేసరికి అతను ఆమెతో సమానంగా తీస్తున్నాడు. కౌంటరు దగ్గరికి ఎవరొచ్చినా "ఎవరితో గొడవైందండీ?" అని ముందుకు వంగేవాడు. ఆమెకి సంతోషం పట్టలేదు. మంచి తమ్ముణ్ణి పంపాడు దేవుడనుకుంది. అలా అనుకుంటూనే ఒక మధ్యాహ్నం, టీ తాగుతూ నోరు జారింది. పదకొండేళ్ళ కథంతా అతని ముందు పరిచింది. రెండుసార్లు ఎలా ఆపారో, ఏమని రాసి ఆపారో, పిల్ల మంచినీళ్ళు ఎలా తెచ్చిచ్చిందో అన్నీ చెప్పేసింది. తన బాధ ఒక మనిషి వింటున్నాడన్న ఆనందంలో, ఆ వినేవాడు ఏం నేర్చుకుంటున్నాడో చూసుకోలేదు.

అల్లుడుగారు గ్లాసు కింద పెట్టి అడిగాడు. "అయితే అక్కా, ఇక్కడ పని వచ్చినవాళ్ళని వదలరన్నమాట."

"వదలరు బాబూ. నన్ను చూడు."

అతను ఆమెని చూశాడు. కిటికీ లేని ఆ గదిని కూడా ఒకసారి కలయజూశాడు.

పరీక్ష రోజున పెద్దసారు గదిలో ఒక దర్జీ కూర్చుని ఉన్నాడు. మెడలో టేపు అలాగే ఉంది, కుట్టే పని మధ్యలో వదిలేసి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, అతని కొట్టు ముందుభాగం అనుమతి లేకుండా కట్టిందని మధ్యాహ్నం కూల్చడానికి యంత్రం వస్తోంది. అనుమతి ఉందని అతనంటాడు. కాగితం చూపిస్తే ఆపుతామని వాళ్ళంటారు. పెద్దసారుకి ఇదే మంచి పరీక్షగా తోచింది.

"ఏమయ్యా, ఈయన ఫైలు తియ్యి."

అల్లుడుగారు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. దర్జీని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నంబరు కొట్టాడు, పేరు కొట్టాడు, వీధి పేరు కొట్టాడు. ఒకటికి రెండుసార్లు అవే మళ్ళీ కొట్టాడు. "లేదు సార్, రావట్లేదు."

ఆమె వెనకాల నిలబడి ఉంది. మొదట కంగారుపడ్డాడేమో అనుకుంది. "గొడవేంటో అడుగు బాబూ," అని మెల్లిగా గుర్తుచేసింది.

"అదేంటక్కా, గొడవేంటి?" అన్నాడు అతను, తల తిప్పకుండా.

అప్పుడర్థమైంది ఆమెకి. నిన్నగాక మొన్న అదే వీధి ఫైలు ఆమె నోరు తెరిచేలోపే తీసి చూపించిన వేళ్ళు అవి. ఇప్పుడు మీటల మీద వెతుక్కుంటూ తడబడుతున్నాయి. ఎంత చక్కగా తడబడుతున్నాయంటే, తెలియనివాళ్ళెవరైనా జాలిపడతారు.

ఆమె కూడా ఊరుకోవచ్చు. అదీ ఆ క్షణంలోనే తట్టింది. "నాకూ గుర్తురావట్లేదు సార్" అని ఒక్క మాట అంటే చాలు. ఆమె వల్ల కూడా కాని పనికి ఆమెని ఆపడం దేనికి? తలుపు తీసే ఉంది. కానీ ఆ తలుపుకీ ఆమెకీ మధ్య దర్జీ కూర్చున్నాడు, టేపు రెండు కొసలూ చేతుల్లో నలుపుకుంటూ. గోడ గడియారం వైపు చూసి, ఆమె వైపు చూసి, మళ్ళీ గడియారం వైపు చూశాడు.

"అమ్మగారూ, ఉంటుందిగా?" అన్నాడు.

ఆమె కళ్ళు మూసుకుంది. తిట్టుకుంది, ఎవరినో చెప్పడం కష్టం. "కట్టేటప్పుడు ఎవరితో గొడవైందయ్యా మీకు?"

"గొడవా? మా నాన్న ముందున్న చెట్టు కొట్టనన్నాడండీ. మేస్త్రీ కొట్టాలన్నాడు. ఇద్దరూ నెల రోజులు మాట్లాడుకోలేదు."

ఆమె అల్లుడుగారి భుజం మీదుగా చెయ్యి చాచి "కొట్టనన్న చెట్టు" అని కొట్టింది. ప్లాను తెర మీద విప్పుకుంది. చెట్టు చుట్టూ గోడ ఎలా వంపు తిరిగిందో, ముందుభాగానికి అనుమతి ఎవరిచ్చారో, సంతకంతో సహా ఉంది. దర్జీ లేచి నిలబడి చేతులెత్తి దండం పెట్టాడు. ఆమె ఆ దండం చూడలేకపోయింది.

"చూశావటయ్యా! అదీ పనంటే," అన్నాడు పెద్దసారు. ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఏమనుకోకండమ్మా. మీ కళ్ళతో మీరే చూశారుగా. మిమ్మల్ని పంపి నేనేం చెయ్యను?"

మెట్ల మీద ఆమె అల్లుడుగారిని ఆపింది.

"నీకు వచ్చు కదరా."

మొదటిసారి "రా" అంది. అతను తప్పించుకోలేదు. "వచ్చక్కా. మా ఆవిడకి ఏడో నెల. అక్కడ ఒక్కతే ఉంది. నెల రోజుల కోసమని చెప్పి నన్నిక్కడికి పంపారు. మీ కథ విన్నాక నాకు నిద్ర పట్టలేదు. మీ పద్ధతి వచ్చినట్టు చూపిస్తే నా బిడ్డకి నేను పదకొండేళ్ళకి కనపడతాను."

ఆమెకి అతన్ని తిట్టడానికి లేదు, ఎందుకంటే అతను చెప్పింది ఆమె చెప్పిందే. ఒకే గది, లోపల ఒక మనిషి ఉండి తీరాలి. ఎవరో ఒకరు లోపలుంటేనే ఇంకొకరికి బయటికి దారి. ఇంత చిన్న సంగతి అర్థం కావడానికి ఇంత పెద్ద ఆఫీసు కావలసి వచ్చింది. ఆ పూట ఇంటికి ఫోన్ చేసింది. మొగుడు "ఏమైంది?" అంటే "ఇంకా చూడాలండీ" అంది. వెనక నుంచి పిల్ల గొంతు వినపడింది. "అమ్మ రావట్లేదా? సరేలే నాన్నా," అంటోంది. ఏడవలేదు, మారాం చేయలేదు.

తర్వాతి రోజులు అల్లుడుగారికి తేలికగా ఏం గడవలేదు. పనికిరానివాడన్న ముద్ర వేయించుకోవడం ఒక ఎత్తు, అది మోయడం ఇంకో ఎత్తు. అటెండరు కుర్చీ గొడవ మనసులో పెట్టుకుని "కుర్చీ బాగుంటే సరిపోదు సార్, కూర్చునేవాడికి పని రావాలి" అని వినపడేలా అనేవాడు. టైపు చేసే అమ్మాయిలు అతన్ని చూసి నవ్వుకునేవారు. పెద్దసారు అందరి ముందూ "ఇతన్ని మనకి అంటగట్టిన పుణ్యాత్ముడెవరో" అనేవాడు. ప్రతి మాటకీ అల్లుడుగారి చెవులు ఎర్రబడడం ఆమె చూస్తూనే ఉంది. ఆమె ఇంకేమీ చేయలేదు, చూస్తూ కూర్చుంది. పొగడ్త కోసం పదకొండేళ్ళు వంగి పనిచేసిన మనిషికి, అది దొరకని మనిషి మొహం చదవడం కష్టమా?

నెలాఖరుకి రెండు రోజులుందనగా పెద్దసారు విసిగిపోయి, అతన్ని వెనక్కి పంపేస్తానన్నాడు. రాయాల్సింది రాసి సంతకం పెట్టబోతూ, సర్వీసు రిజిస్టరు లేనిదే పంపడం కుదరదని గుర్తొచ్చి కింద గదికి కబురు పెట్టాడు. ఆయనకి కుదురుండదు, కబురు వెనకే తను కూడా దిగి వచ్చాడు. ఆయన వెనక అల్లుడుగారు, తలుపు దగ్గర అటెండరు.

"అమ్మా, ఇతని రిజిస్టరు తీసి ఒక కాపీ ఇవ్వండి. ఇవాళే పంపేద్దాం."

అల్లుడుగారి మొహం వెలిగింది. ఆమె తెరకి ఎదురుగా కూర్చుంది. ఫైలు ఎదురుగానే ఉంది, అంతకు ముందే తెరిచి పెట్టుకుంది, ఆఖరి పేజీ దాకా. తెర ఆమె వైపుకే తిరిగి ఉంది. ఆమె దాన్ని మూసేసింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"దొరకలేదు సార్."

పెద్దసారు తను సరిగ్గా విన్నాడో లేదో అన్నట్టు అటెండరు వైపు చూశాడు. "మీకు దొరకకపోవడమేంటమ్మా?"

"కళ్ళు సరిగ్గా ఆనడం లేదు సార్. ఆయన కాగితమే కదా, ఆయన్నే తీసుకోమనండి." అబద్ధం ఆడడం ఇంత సులువని తెలిసి ఉంటే దర్జీ ముందు కూడా ఆడేదేమోనని భయం వేసింది. మరుక్షణమే, ఆడి ఉండేది కాదని తెలుసుకుని ఇంకా బాధ పడింది.

"ఇతనేం తీస్తాడమ్మా, ఇతని మొహం! తన కాగితం తను తీసుకోవడం కూడా రాదు." అటెండరు ఫక్కున నవ్వాడు. పెద్దసారు కూడా నవ్వాడు. "ఊరికెళ్ళి పెళ్ళానికి ఏం చెప్తావయ్యా? పనికిరానని పంపేశారని చెప్తావా?"

ఆమె అల్లుడుగారి వైపు చూడలేదు. చూడక్కర్లేదు కూడా. అతని ఊపిరి వినపడుతోంది. కుర్చీలోంచి లేచి పక్కకి జరిగింది, అంతే. అతను వచ్చి విసురుగా కూర్చున్నాడు. ఒక్క క్షణం ఆగాడు. "కుర్చీ గొడవ" అని కొట్టాడు. రిజిస్టరు తెర మీదికి వచ్చింది.

"గుడ్డి దెబ్బ," అన్నాడు అటెండరు.

"గుడ్డి దెబ్బా?" అల్లుడుగారు గిర్రున తిరిగాడు. "ఏది కావాలో అడగండి. ఏదైనా అడగండి!"

పెద్దసారు సరదాకి తన బావమరిది ఇల్లు అడిగాడు. "కట్టేటప్పుడు ఎవరితో గొడవైంది సార్?" అన్నాడు అల్లుడుగారు. "ఇంకెవరితో, నాతోనే. మా వాకిలి మీద వాడి మేడ నీడ పడుతోందని." వేళ్ళు మీటల మీద పరిగెత్తాయి. వచ్చింది. ఇంకొకటి అడిగాడు. వచ్చింది. అటెండరు తన మేనత్త ఇల్లు అడిగాడు, మాట పూర్తి కాకుండానే అది కూడా వచ్చింది. అల్లుడుగారి ఇస్త్రీ చొక్కా వీపు తడిసిపోయింది, అతనికి ఆ సంగతే తెలియలేదు.

"ఓరి నీ దుంపతెగ!" పెద్దసారు అతని వీపు మీద చరిచాడు. "ఇంత పనిమంతుడివి, ఇన్నాళ్ళూ ఎందుకయ్యా దాచావు? నువ్వు లేకపోతే ఈ ఆఫీసు నడవదు పో!"

అల్లుడుగారు నవ్వాడు. ఆపుకోలేకపోయాడు. మొహమంతా విప్పారింది, అవమానమంతా కడుక్కుపోయినట్టు, బడిలో పద్యం అప్పజెప్పిన పిల్లాడిలా. ఆ నవ్వు ఎంతసేపు ఉంటుందో ఆమెకి తెలుసు. పెద్దసారు అతన్ని వెనక్కి పంపడానికి రాసిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసేదాకా ఉంది.

ఆమె ఉత్తర్వు మీద సంతకం పెట్టడానికి ఆయన పైకి వెళ్ళాడు. అటెండరు వెంట వెళ్ళాడు. గదిలో ఇద్దరే మిగిలారు. ఆమె తన సంచి తీసుకుని, అద్దాలు, టిఫిను డబ్బా, గొడుగు అందులో వేసుకుంది. గెలిచినట్టు లేదు, దొంగతనం చేసినట్టుంది. అయినా సంచి సర్దడం ఆపలేదు. పిల్ల బడికి నాలుగు వీధుల దూరం ఆఫీసు. ఆమెకి ఇంక వేరే ఏమీ వద్దు.

"అక్కా," అన్నాడు అల్లుడుగారు. కుర్చీలో అలాగే కూర్చుని ఉన్నాడు, తెర వెలుగు మొహం మీద పడుతూ. కోపం లేదు ఆ గొంతులో. అదే ఆమెకి కష్టమైంది. "ఇప్పుడు నేనేం చెయ్యాలక్కా?"

ఆమె తలుపు దగ్గర ఆగింది. క్షమించమని అడగాలనుకుంది, అడిగితే వెళ్ళలేనేమోనని ఊరుకుంది.

"నీ దగ్గరికి కూడా ఒక కొత్తవాణ్ణి పంపమని అడుగు," అంది. "పని బాగా నేర్పు. నీకో బిడ్డ ఉందని మాత్రం చెప్పకు."